కుంభకోణం బడిలో ఒక టైంటేబుల్

కావేరి ఒడ్డున కుంభకోణంలో 1864 నుంచి నడుస్తున్న ఎయిడెడ్ బడి టౌన్ హైస్కూలు. శ్రీనివాస రామానుజన్ 1898లో అక్కడ చేరి 1904లో చదువు ముగించాడు. ఆ ఏడాది రంగనాథరావు పేరిట గణిత బహుమతి ఇస్తూ హెడ్మాస్టరు కృష్ణస్వామి అయ్యర్, ఈ కుర్రాడికి నూటికి నూరు వేసినా తక్కువే అన్న ముచ్చట అందరూ చెబుతారు. ఆ బడిలో అతని పనితనం నాకు మరింత బాగా కనిపించేది టైంటేబుల్లో.

బడి టైంటేబుల్ వేసే పనిని లెక్కల మాస్టారు గణపతి సుబ్బయ్యర్ అతనికి అప్పగించారు. 1200 మంది పిల్లలు, 35 మంది దాకా అయ్యవార్లు! ఏ బడిలోనైనా ఒక్కసారి టైంటేబుల్ వేసినవాళ్లకు ఆ అవస్థ తెలుసు. ఒకే అయ్యవారు ఒకే పీరియడ్‌లో రెండు సెక్షన్లకు పడకూడదు, ఏ సెక్షనూ అయ్యవారు లేకుండా ఉండకూడదు. ఒక గడిలో పేరు మార్చామా, ఇంకో నాలుగు గడులు కదులుతాయి.

తర్వాతి కాలంలో రామానుజన్ రాసుకున్న నోటుపుస్తకాల్లో మొదటి అధ్యాయం మాయాచదరాల మీద, అంటే ఎటు కూడినా ఒకే మొత్తం వచ్చే అంకెల చదరాల మీద. బడి రోజుల్లో మొదలుపెట్టిన పనే అది అని పరిశోధకుల అభిప్రాయం. అందులో ఒక పద్ధతి చూడండి. 1, 2, 3 అంకెలను ఒక చదరంలో వరసగా 3 1 2, 1 2 3, 2 3 1 అని పేర్చాలి. 0, 3, 6 అంకెలను ఇంకో చదరంలో 3 6 0, 0 3 6, 6 0 3 అని పేర్చాలి. రెండింటిలోనూ అడ్డంగా చూసినా నిలువుగా చూసినా ఏ అంకే రెండోసారి రాదు. ఇప్పుడు గడికి గడి కలిపితే 6 7 2, 1 5 9, 8 3 4. అడ్డం, నిలువు, ఐమూల, ఎటు కూడినా 15. ఒకటి నుంచి తొమ్మిది దాకా అన్ని అంకెలూ వచ్చాయి, ఒక్కటీ తిరిగి రాలేదు. ఎంత శుభ్రమైన పని!

ఒకే వరసలో ఒకే అంకె రెండుసార్లు పడకూడదన్న నియమం, ఒకే పీరియడ్‌లో ఒకే అయ్యవారు రెండుచోట్ల పడకూడదన్న నియమం అన్నదమ్ముల్లాంటివి. ఏది దేనికి దారి చూపిందో చెప్పలేం. రెండూ ఒకే చేతి పని అన్నది మాత్రం నిజం.

ఇందులో గణపతి సుబ్బయ్యర్‌కీ వాటా ఉంది. ఎక్కడైనా రెండు క్లాసులు ఢీకొంటే మాట పడేది ఆయనే. అయినా టైంటేబుల్ ఆ పిల్లాడి చేతికే ఇచ్చారు.