సహజ సబ్బు – తూనిక లెక్క

"రసాయనములు లేని సహజ సబ్బు" అను మాట ఇటీవల పాఠశాలల ప్రదర్శనలలో కూడ వినబడుచున్నది. ఇంటి నూనెతో సబ్బు చేయుట మంచి ప్రయోగమే. ఆ మాట మాత్రము సరికాదు. పూర్వము రజకులు బట్టలుతుకుటకు వాడిన చౌడు నేలలో సహజముగా దొరకునదే గదా! అందలి ముఖ్యపదార్థము సోడియం కార్బొనేట్.

క్షారము లేనిదే సబ్బు లేదు. నూనె కాస్టిక్ సోడాతో కలిసినపుడు సబ్బు, గ్లిసరిన్ ఏర్పడును. ఈ మార్పులోని మర్మమును ఫ్రెంచి రసాయనజ్ఞుడు షెవ్రల్ 1823లో ప్రకటించిన గ్రంథమున వివరించెను. వేపాకు, పసుపు చేర్చినంత మాత్రమున ఈ చర్య మారదు.

"సబ్బు గట్టిపడిన పిమ్మట సోడా మిగలదు గదా" అందురు. తూనిక సరియైనపుడే అది నిజము. ముదిగుబ్బ వంటి వేరుసెనగ సీమలో పొరపాటు జరుగున దిక్కడనే. చేతి సబ్బుల సూచనలు పెక్కు కొబ్బరినూనెకు వ్రాసినవి. 100 గ్రాముల కొబ్బరినూనెకు సుమారు 18 గ్రాముల కాస్టిక్ సోడా పట్టును. వేరుసెనగ నూనెకు 13.5 గ్రాములు చాలును. కొబ్బరినూనెలో ప్రధానమైన లారిక్ ఆమ్లమునకు 12 కార్బన్ పరమాణువులు, వేరుసెనగ నూనెలోని ఓలిక్ ఆమ్లమునకు 18. అణువు చిన్నదైన కొలది అదే బరువులో అణువుల సంఖ్య పెరుగును, సోడా ఎక్కువ పట్టును. నూనె మార్చి కొలత మార్చనిచో 100 గ్రాములకు 4 గ్రాములకు పైగా సోడా మిగిలి చర్మమును కాల్చును. వారములు ఆరబెట్టినను తేమ తగ్గునే గాని ఈ లోపము తీరదు. చెంచాలతో కొలత చెప్పు సూచనలను పాఠశాలలో అంగీకరింపరాదు, త్రాసు కావలెను.

సోడాను నీటిలో కొద్దికొద్దిగా వేయవలెను. సోడాపై నీరు పోయరాదు. అల్యూమినియం గిన్నె పనికిరాదు, హైడ్రోజన్ వెలువడును. కండ్లద్దాలు, చేతితొడుగులు తప్పనిసరి. ఒంటిపై చింది నచో వెంటనే ధారాళముగా నీటితో కడుగవలెను. ఉపాధ్యాయుడు దగ్గర లేనిదే ఈ ప్రయోగము వలదు.

సబ్బు సరిగా కుదిరినను కఠినమైన బోరునీటిలో నురుగు రాదు. నీటిలోని కాల్షియం, మెగ్నీషియంలతో సబ్బు తెల్లని తెట్టుగా విరిగిపోవును. కుంకుడుకాయలోని సపోనిన్ అట్లు విరుగదు. సహజమను పేరు దానికే ఎక్కువ తగును. ప్రకటనలు దానిని మరచినవి! రెండు పరీక్షనాళికలలో బోరునీరు, రెండింట వాననీరు పోసి, ఒక్కొక్క జతలో ఒకదానికి సబ్బునీరు, రెండవదానికి కుంకుడు రసము చేర్చి కుదిపిన, విద్యార్థులకు ఈ భేదము కంటికి కనబడును.