నిద్రపుచ్చిన ప్రశ్న

అమెరికాలో తరతరాలుగా పిల్లల చేత చదివిస్తున్న పుస్తకం ఒకటి ఉంది. పేరు 'లిటిల్ హౌస్ ఆన్ ది ప్రెయిరీ'. లారా ఇంగల్స్ వైల్డర్ రాశారు. 1935లో వచ్చింది. ప్రెయిరీ అంటే చెట్లు పెద్దగా లేని, కనుచూపు మేరా గడ్డి ఉన్న మైదానం. ఒక తెల్ల కుటుంబం బండి కట్టుకుని కాన్సస్ ప్రాంతంలోని అలాంటి మైదానానికి వెళ్లి, దుంగలతో ఇల్లు కట్టుకుని, బావి తవ్వుకుని, మలేరియా జ్వరాలు పడి లేచిన కథ ఇది. ఆదివాసీ టీచర్లుగా మేం దీన్ని చదివాం. చదివాక మాకు అనిపించింది చెబుతాం.

ముందు మంచి చెప్పాలి. ఇనప మేకు ఒక్కటీ లేకుండా తలుపు ఎలా చేశారో చదువుతుంటే మనమూ చేయగలం అనిపిస్తుంది. చేతిపనిని ఇంత గౌరవంగా చూపిన పిల్లల పుస్తకాలు మాకు ఎక్కువగా దొరకలేదు. అందుకే దీన్ని పక్కన పడేయమని అనడం లేదు.

మరి ఆ ఇల్లు ఎవరి నేల మీద లేచింది? అది ఒసేజ్ ఆదివాసులది. ఒప్పందాల్లో చాలా నేల పోగా వాళ్లకు మిగిలిన రిజర్వు భూమి. 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం ఐదేళ్లు ఉండి సాగు చేసినవాళ్లకు 160 ఎకరాలు ఇచ్చేది. ఒసేజ్ నేల ఆ చట్టం కిందికి రాదు. అయినా 1869లో ఇంగల్స్ కుటుంబం, వాళ్లలాంటి వేలమంది అక్కడ దిగిపోయారు. వాళ్లు ఒసేజ్‌ల పంటలు దోచుకుంటున్నారని, సమాధులను కూడా వదలడం లేదని ప్రభుత్వ ఏజెంటు ఐజాక్ గిబ్సనే పైకి రాశాడు. 1870లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసి ఒసేజ్‌లను దక్షిణాన, నేటి ఓక్లహోమాకు పంపింది. వాళ్ల నేలను ఎకరం డాలరుంపావు చొప్పున వలస వచ్చినవాళ్లకు అమ్మింది. కొత్తచోట నేలను ఒసేజ్‌లు తమ డబ్బుతోనే చెరోకీల దగ్గర కొనుక్కోవాల్సి వచ్చింది.

పుస్తకంలో ఇదేమీ లేదు. అందులో ఒసేజ్‌లు పిలవకుండా ఇంట్లోకి వచ్చి తిండీ పొగాకూ పట్టుకుపోయేవాళ్లు. ఎవరి నేలలోకి ఎవరు పిలవకుండా వచ్చారు? గడ్డి తగలబడితే, తమను వెళ్లగొట్టడానికే వాళ్లు నిప్పు పెట్టారని ఇరుగుపొరుగు అనుమానిస్తారు. కొత్త గడ్డి త్వరగా రావాలని వాళ్లు కాలుస్తారని నాన్న సర్దిచెబుతాడు. పోడు చేస్తే అడవి తగలబెట్టారన్న మాట పడినవాళ్లం కాబట్టి ఆ పేజీ దగ్గర మేం ఆగిపోయాం.

అన్నిటికంటే పెద్ద దెబ్బ ఒక్క మాటలో ఉంది. 1935 నాటి అచ్చులో ఆ నేల మీద మనుషులే లేరని, ఇండియన్లు మాత్రమే ఉన్నారని అర్థం వచ్చే వాక్యం ఉండేది. చదివినవాళ్లు తప్పు పట్టాక 1953 అచ్చులో 'మనుషులు' తీసి 'స్థిరపడినవాళ్లు' అని మార్చారు. మాట మారింది కానీ చూపు మారలేదు. తరాలుగా అక్కడే ఉన్న ఒసేజ్‌లు స్థిరపడినవాళ్లు కారా?

అదే పుస్తకంలో ఒక రాత్రి చిన్నారి లారా నాన్నను అడుగుతుంది. ఇది ఇండియన్ల దేశం కదా, వెళ్లగొడితే వాళ్లకు కోపం రాదా అని. ఇక ప్రశ్నలు చాలు, నిద్రపొమ్మంటాడు నాన్న. పుస్తకమంతటికీ గుండెకాయ ఆ ప్రశ్నే అని మా అభిప్రాయం. రచయిత్రి దాన్ని రాయగలిగారు, జవాబు రాయలేకపోయారు.

జవాబు ఆదివాసుల వైపు నుంచి వచ్చింది. ఒజిబ్వే మూలాలున్న లూయీస్ ఎర్డ్రిక్ 1999లో 'ది బర్చ్‌బార్క్ హౌస్' రాశారు. 1847లో సుపీరియర్ సరస్సులోని ఒక దీవిలో ఉండే ఒమకయస్ అనే పిల్ల కథ అది. అక్కడా ఇల్లు కడతారు, చెట్టు బెరడుతో. అక్కడా జబ్బు వస్తుంది, మశూచి. తేడా ఒక్కటే. అక్కడ మనుషులు ముందునుంచీ ఉన్నారు. ఈ రెండు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టి చదివించాలి.

లారా కథను మా ఐదో తరగతిలో తెలుగులో చెప్పినప్పుడు ఒక పిల్ల లేచి, "వాళ్ల నాన్న జవాబెందుకు చెప్పలేదు సార్?" అంది. బల్ల మీద 1/70 చట్టం పుస్తకం ఉంది. ఒసేజ్‌లను పంపేసిన చట్టానికి సరిగ్గా వందేళ్లకు, 1970లో వచ్చింది. ఏజెన్సీలో గిరిజనేతరుల చేతిలో ఉన్న భూమి గిరిజనుల నుంచి వచ్చినదేనని, కాదంటే కాదని రుజువు చేసుకోవాలని అది అంటుంది. అంటే నేల ఖాళీగా లేదన్న మాటతోనే మొదలవుతుంది. అమలు ఎలా ఉందో మన ఊళ్లలో అందరికీ తెలుసు. అయినా ఆ మొదటి మాట మనది.

మాస్టర్లూ, చదువుకుంటున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఏ ఊరి చరిత్ర చేతికొచ్చినా ముందు ఒక్కటి చూడండి. మొదటి పేజీలో మనుషులున్నారా, లేరా? పిల్లలు అడిగితే మాత్రం నిద్రపొమ్మనకండి.