జెస్సీ సైకిలు ఎందుకు ఆగింది?

కొత్తగా సైకిలు నేర్చుకున్నవాడి కాళ్ళ మీది దెబ్బలు లెక్కపెడుతూ నవల మొదలుపెట్టిన రచయిత హెచ్. జి. వెల్స్ ఒక్కడే కాబోలు. 'ది వీల్స్ ఆఫ్ ఛాన్స్' మొదటి పేజీల్లోనే హూప్‌డ్రైవర్ అనే బట్టలకొట్టు గుమాస్తా మోకాళ్ళూ పిక్కలూ మనకి చూపించి, ఈ గాయాల్ని బట్టి ఇతనేం చేస్తున్నాడో చెప్పుకోండి చూద్దామంటాడు. చదువుతూ నా మోకాలు తడుముకున్నాను. అక్కడ ముప్పై ఏళ్ళు దాటిన మచ్చ ఒకటి వుంది. ఏర్పేడులో గంటకింతని అద్దెకి తెచ్చుకున్న పెద్ద సైకిలు, సీటు అందక బారు కింద నుంచి కాలు దూర్చి తొక్కడం, పావడా అంచు చైన్లో పడడం, కంకర మీద నేను పడడం. చదివేవాళ్ళలో చాలామందికి ఇలాంటి మచ్చ ఎక్కడో ఒకచోట వుండే వుంటుంది.

ఈ నవలని నేను రెండుసార్లు చదివాను. బి.ఏ. రోజుల్లో ఒకసారి, మొన్న ఎండాకాలంలో ఇంకోసారి. మొదటిసారి నవ్వుకున్నాను. రెండోసారి కోపం వచ్చింది. ఆ కోపం సంగతి చెబుదామనే కూర్చున్నాను.

కథ చిన్నదే. హూప్‌డ్రైవర్‌కి ఏడాదికోసారి పది రోజులు సెలవు. లండన్ పక్కన పట్నీలో కొట్టు. ఆ పది రోజులూ పాత సైకిలు మీద దక్షిణాది పల్లెల్లో తిరగాలని బయల్దేరతాడు. గిల్డ్‌ఫర్డ్, మిడ్‌హర్స్ట్, చిచెస్టర్, అలా సముద్రం దాకా. దారిలో బూడిదరంగు దుస్తుల్లో సైకిలు మీద ఎదురైన ఒక అమ్మాయిని చూసి, కంగారుపడి కింద పడతాడు. ఆ అమ్మాయి పేరు జెస్సీ. స్వతంత్రంగా బతకాలనీ, పుస్తకాలు రాయాలనీ సవతితల్లి ఇంటి నుంచి వచ్చేసింది. సాయం చేస్తానని వెంట వచ్చిన పెద్దమనిషి పెళ్ళయినవాడు, బుద్ధి మంచిది కాదు. వాడి బారి నుంచి ఆమెని తప్పించి, రాత్రికి రాత్రి వాడి సైకిలే తీసుకుని మన గుమాస్తా ఆమెతో కలిసి పారిపోతాడు.

వెల్స్ ఇదంతా ఎరిగి రాశాడు. చిన్నప్పుడు బట్టలకొట్టులో పనికి కుదిరి అవస్థపడ్డవాడు. 1895లో వోకింగ్‌లో కాపురమున్నప్పుడు సైకిలు నేర్చుకుని ఆ చుట్టుపక్కల దారులన్నీ తిరిగాడు. అందుకే ఎత్తు ఎక్కేటప్పటి ఆయాసం, దిగేటప్పుడు చెవుల్లో గాలి, పచ్చని కంచెల మధ్య ఎవరూ లేని మలుపు, ఇవన్నీ కళ్ళకి కట్టినట్టుంటాయి. రోహిణి ఎండలో తలుపులు మూసుకుని చదువుతుంటే, ఆ చల్లదనానికి అసూయ కూడా కలిగింది.

అక్కడి దారులు అంత నిశ్శబ్దంగా ఎందుకున్నాయని ఆలోచిస్తే ఒక తమాషా తెలుస్తుంది. అంతకు యాభై ఏళ్ళ ముందే రైళ్ళొచ్చి గుర్రపు కోచీలని మింగేశాయి. పెద్ద రోడ్లు ఖాళీ పడ్డాయి. మోటార్లు ఇంకా రాలేదు. పల్లె దారిలో మోటారుబండి గంటకి 4 మైళ్ళు మించి పోకూడదన్న చట్టాన్ని సడలించి 14 మైళ్ళ దాకా పోనిచ్చింది 1896లో. ఈ నవల పుస్తకంగా వచ్చిందీ ఆ సంవత్సరమే! రెండు చక్రాలూ సమానంగా వున్న సైకిలు 1885లోనూ, గాలి టైరు 1888లోనూ వచ్చాయి. అంటే రైలు వెళ్ళిపోయాక, కారు రాకముందు, ఆ కాస్త ఎడంలో సైకిలుకి దొరికిన దారి అది. వెల్స్ నవలని ఇంగ్లండు పల్లెల అందం కోసం చదివేవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకుంటే ఇంకా బాగా అందుతుంది.

ఇక నా కోపం. హూప్‌డ్రైవర్ ఎందుకు బయల్దేరాడు? ఊరికే. సెలవుంది, సైకిలుంది, అంతే. కారణం చెప్పమని అతన్ని ఎవరూ అడగరు, రచయితతో సహా. జెస్సీకి మాత్రం ఒక కారణం కావలసివచ్చింది. సవతితల్లి వుండాలి, మోసగాడు వుండాలి, కాపాడేవాడు వుండాలి. దారిలో పూటకూళ్ళ ఇళ్ళలో దిగితే ఇద్దరూ అన్నాచెల్లెళ్ళమని చెప్పుకోవాలి. ఒంటరిగా సైకిలు తొక్కే పిల్లకి వెల్స్ ముందుగా చేసిపెట్టిన ఏర్పాటు ఒక అన్న! ఆమెకి సైకిలు బాగా వచ్చు, పడేదంతా అతనే. అయినా కథ అతని సెలవుల కథే. చివరికి న్యూ ఫారెస్ట్ అడవిలో పెద్దవాళ్ళు వచ్చి పట్టుకుని ఆమెని ఇంటికి తీసుకుపోతారు. పుస్తకాలు పంపిస్తానని అతనికి మాటిస్తుంది. అతను చదువుకుని పైకి రావాలని కలలు కంటూ కొట్టుకి తిరిగి వెళతాడు. మరి జెస్సీ ఏమైంది? ఆ సైకిలు ఏమైంది? వెల్స్‌కి ఆ ధ్యాస లేదు.

ఎడ్వర్డ్ థామస్ 'ఇన్ పర్స్యూట్ ఆఫ్ స్ప్రింగ్' చూడండి. 1913లో ఈస్టరుకి లండన్ నుంచి సైకిలు మీద పడమటి కొండల దాకా వెళ్ళాడు. పనేమిటయ్యా అంటే, వసంతం ఎంతదాకా వచ్చిందో చూడడం. ఆ మరుసటి ఏడు పుస్తకం వచ్చింది. అందులో కవిత్వముంది, నువ్వు పద్యాలు రాయమని రాబర్ట్ ఫ్రాస్ట్ ప్రోత్సహించగా ఆయన కవి అయ్యాడు. 1917లో యుద్ధంలో పోయాడు. చక్కటి వచనం, వాదులేదు. కానీ ఇంట్లో భార్యా ముగ్గురు పిల్లలూ వుండగా ఆ మనిషి వసంతాన్ని వెతుక్కుంటూ పోవడం ఎవరికీ వింతగా తోచలేదు. అలాంటి పుస్తకం అప్పట్లో ఒక ఆడది రాసివుంటే చదివేవాళ్ళు ముందు అడిగేది వసంతం సంగతి కాదు, పిల్లల సంగతి.

ఐర్లండు ఆవిడ డెర్వ్లా మర్ఫీకి పదో పుట్టినరోజుకి ఒక సైకిలూ ఒక అట్లాసూ బహుమతిగా వచ్చాయి. ఆ రెంటినీ కలిపి, ఇండియాకి సైకిలు మీద వెళ్ళాలని అప్పుడే తీర్మానించుకుంది. వెళ్ళింది ఎప్పుడు? 1963లో, ముప్పై ఒకటో ఏట. మధ్యలో ఇరవై ఏళ్ళు ఏమయ్యాయంటే, మంచాన పడ్డ తల్లికి సేవ. 1962లో తల్లి పోయాకే సైకిలు కదిలింది. ఢిల్లీ దాకా తొక్కుకొచ్చి రాసిన 'ఫుల్ టిల్ట్' 1965లో వచ్చింది. అందులో మంచు తుఫాన్లున్నాయి, తోడేళ్ళున్నాయి, ఆవిడ దగ్గర పిస్తోలు కూడా వుంది. నన్ను కదిలించింది అవేవీ కావు, ఆ ఇరవై ఏళ్ళు. వాటి గురించి ఆవిడ నిష్ఠూరమాడదు. మనలో ఎంతమందికి అలాంటి ఇరవై ఏళ్ళు లేవు? మనకి తరవాత సైకిలెక్కాలన్న సంగతే గుర్తుండదు.

ఇంతా రాసి ఒక మాట దాచితే అన్యాయమవుతుంది. వెల్స్ నవల్లో జెస్సీ సవతితల్లి రచయిత్రి. కట్టుబాట్లు తెంచుకున్న స్త్రీ గురించి మగపేరుతో నవల రాసి పేరు తెచ్చుకుంది. కూతురు నిజంగా ఇల్లు దాటేసరికి ముగ్గురు అభిమానుల్ని వెంటేసుకుని రైళ్ళలో, బళ్ళలో వెతుకుతుంది. మొదటిసారి ఆ హాస్యానికి పడీ పడీ నవ్వాను. రెండోసారి చదివే వారానికి ముందే మా మేనకోడలు వచ్చింది. డిగ్రీ చదువుతోంది.

"అత్తా, కాళాస్త్రి దాకా సైకిల్లో పొయ్యొస్తా. నాయనకి నువ్వు చెప్పు."

"ఏం పనే అక్కడ?"

"పనేం లేదు. ఊరికే."

నేనేమన్నానో చదివేవాళ్ళు వూహించుకోగలరు. ఎండ అన్నాను, లారీలన్నాను, ఇంకెవరన్నా తోడుంటే చూద్దామన్నాను. తోడు! "నీ కథలో పిల్లని మాత్రం ఒంటిగా రైలెక్కిస్తివే" అంది నవ్వుతూనే.

లారీల భయం ఉత్తిది కాదు. 2017 ఏప్రిల్‌లో మా ఏర్పేడు పోలీసు స్టేషన్ ముందు, ఇసుక తవ్వకాల మీద మొర పెట్టుకోవడానికి వచ్చిన జనం మీదికి లారీ దూసుకొచ్చి ఎన్ని కుటుంబాలు అన్యాయమైపోయాయో ఇక్కడివాళ్ళు మరిచిపోలేదు. వెల్స్ కాలపు సర్రే కాదిది. కానీ పొద్దునపూట ఇక్కడే ఆడపిల్లలు సైకిళ్ళమీద బడికి పోతుంటే ఎవరూ ఆపరే! 'బడికొస్తా' అని ప్రభుత్వమే ఒకప్పుడు ఆడపిల్లలకి సైకిళ్ళిచ్చింది. పనిమీద పోయే సైకిలుకి దారి వుంది. 'ఊరికే' పోయే సైకిలుకే లారీలన్నీ అడ్డమొస్తాయి. ఓంకారానికీ వేదాంతానికీ ఆడవాళ్ళూ అర్హులేనని మలయాళస్వామి వాదించి, వ్యాసాశ్రమం పెట్టి వందేళ్ళవుతున్న వూరిది. అక్కడ కూర్చుని నేను ఒక పిల్లని పనేమిటని అడిగాను.

నవలగా వెల్స్ పుస్తకం బాగుంటుంది, చదవండి. గుమాస్తా మనసులోని చిన్నతనం, దక్షిణాఫ్రికా నుంచి వచ్చానని అతను చెప్పే కోతలు, చివర ఒప్పుకోలు, వీటిల్లో దయ వుంది. ఆ దయలో సగం జెస్సీకి పంచలేదన్నదే నా ఫిర్యాదు. సవతితల్లి విషయంలో మాత్రం ఇంక ఫిర్యాదు చెయ్యలేను.

పుస్తకం మా మేనకోడలికిచ్చాను. చిచెస్టర్ దాకా వచ్చింది. ముగింపు చెప్పొద్దంటూనే, "ఆ పిల్ల మళ్ళీ సైకిలెక్కిందా అత్తా?" అని అడిగింది. వెల్స్ రాయలేదన్నాను. ఆదివారం తెల్లారుజామునైతే లారీలు తక్కువంట. నేనింకా మా అన్నతో చెప్పలేదు.