‘అంకుశం’: చప్పట్లు దేనికి?

సినిమా చూసి వచ్చినవారి అభిప్రాయం విమర్శకుడికి ముడిసరుకు. దానినే విమర్శ అనుకుంటే పొరపాటు. ఈ సంగతి పోలీసు కథాచిత్రాల విషయంలో బాగా తెలుస్తుంది.

గుంటూరు–తెనాలి రైలుమార్గంలో సంగం జాగర్లమూడి అనే చిన్న స్టేషను ఉంది. ఒకప్పుడు ఇటువంటి ఊళ్లవారికి కొత్త సినిమా అంటే తెనాలి వెళ్లి చూసి రావడమే. సినిమా మీద తీర్పు తిరుగు ప్రయాణంలోనే తయారయ్యేది. ‘సినిమా బాగుంది’ అని ఒకరంటే, ‘పోలీసంటే అట్లా ఉండాలి’ అని మరొకరు అంటారు. మొదటి మాట సినిమా గురించి, రెండోది లోకం గురించి. వినేటప్పుడు రెండూ ఒకటే అనిపిస్తాయి.

కోడి రామకృష్ణ దర్శకత్వంలో 1989లో వచ్చిన ‘అంకుశం’ను తీసుకోండి. రాజశేఖర్ నిజాయితీగల పోలీసు అధికారి, రామిరెడ్డి నీలకంఠం అనే రౌడీ. నీలకంఠాన్ని నడివీధిలో కొట్టుకుంటూ తీసుకువెళ్లే సన్నివేశాన్ని ఆ తరం ప్రేక్షకులు ఇప్పటికీ చెప్పుకుంటారు. ‘రాజశేఖర్ ఏం చెప్పాడు డైలాగు!’ అనేవారు కూడా ఉన్నారు. ఆ గొంతు సాయికుమార్‌ది. ప్రేక్షకుడి మెప్పు నిజమే కానీ, అది ఎవరికి చెందాలో విమర్శకుడు విడదీసి చూపాలి.

ఇక ఆ దెబ్బలకు చప్పట్లు ఎందుకు పడ్డాయి? నీలకంఠం చేసిన నేరాలను ప్రేక్షకుడు కళ్లారా చూశాడు. అతనే సాక్షి. కాబట్టి విచారణ అతనికి అనవసరమైన ఆలస్యంగా తోస్తుంది. సినిమా లోపల ఆ తీర్పు సరైనదే. అయితే నిజమైన పోలీసు స్టేషనులో నేరస్థుడెవరో ముందుగా చూపించే కెమెరా ఉండదు. అక్కడ ఉండేది అనుమానితుడే. ‘అట్లా ఉండాలి’ అన్నవారు ఈ తేడాను హాల్లోనే వదిలి వస్తారు.

2019 డిసెంబరు 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో, ఒక వైద్యురాలిపై జరిగిన అత్యాచారం, హత్య కేసులోని నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. జనం పోలీసులపై పూలు చల్లారు. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటికి వచ్చింది. చంపాలనే ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని, మృతుల్లో ముగ్గురు మైనర్లని అది పేర్కొంది. ఆ పూలకు సినిమాలే కారణమనడం తొందరపాటు. ఆ నేరం రేపిన కోపం చాలా పెద్దది. కానీ ఆ రోజు వినిపించిన సమర్థన మాటలు మనకు సినిమాహాలు నుంచి పరిచయమైనవే.

2021లో తెలుగులోనూ వచ్చిన తమిళ చిత్రం ‘జై భీమ్’ సాక్షిని మరోచోట నిలబెట్టింది. 1993 నాటి ఒక లాకప్ మరణం దానికి ఆధారం. లాఠీ కింద ఉన్నవాడు నిర్దోషి అని ఇక్కడ ప్రేక్షకుడికి ముందే తెలుసు. అదే లాఠీని చూసి ఈసారి కన్నీరు పెట్టుకున్నాడు. అంతమాత్రాన ప్రేక్షకుడు మారిపోయాడని చెప్పలేం. ఇదే చిత్రంలో ప్రకాశ్‌రాజ్ పోషించిన పోలీసు అధికారి, హిందీలో జవాబిచ్చిన ఒకరిని చెంపదెబ్బ కొడతాడు. దాన్ని కొందరు ఆక్షేపించారు, కొందరు సమర్థించారు. లాకప్ హింసను ఖండించే కథలోనూ, తమకు నచ్చిన పోలీసు కొడితే సమర్థించేవారు ఉన్నారన్నమాట. నా దృష్టిలో ఆ చిత్రంలో బలహీనమైన క్షణం అదే.

‘అంకుశం’లో నటన, కథ నడక మెచ్చదగ్గవే. నీలకంఠం తప్పు చేశాడో లేదో మనకు ఒక్క నిమిషమైనా సందేహం కలగనివ్వకపోవడం దాని బలం. దాని లోపం కూడా అక్కడే ఉంది.

అభ్యాసం: మీరు చూసిన ఒక పోలీసు చిత్రం గురించి మీ ఇంట్లో ఇద్దరి అభిప్రాయాలు అడిగి, వారి మాటల్లోనే రాసుకోండి. వాటిలో సినిమాను గురించినవి ఏవి, పోలీసులను గురించినవి ఏవి? దెబ్బలు తిన్న పాత్ర తప్పు చేసిందని వారికి ఏ సన్నివేశం వల్ల తెలిసింది? ఆ సన్నివేశాన్ని తీసేస్తే వారి అభిప్రాయం ఎలా ఉండేదో పది వాక్యాల్లో రాయండి.