సంతకం విలువ

విమానంలో ఏదో ఒక పరికరం పాడైనంత మాత్రాన ప్రతిసారీ ప్రయాణం ఆగిపోదు. కనీస పరికరాల జాబితా ఒప్పుకుంటే మరమ్మతు వాయిదా వేయొచ్చు. ఆ జాబితాలోని బి తరగతి లోపానికి 3 రోజులు, సి తరగతికి 10, డి తరగతికి 120. లోపం కనబడ్డ రోజు లెక్కలోకి రాదు.

వాయిదా రాయడం తేలికే. నాకు గౌరవమంతా ఆ వెంటనే జరిగే పని మీద. నేలమీద విమానం వేగం తగ్గించే ఇంజిన్ రివర్సర్ మొరాయిస్తే ఇంజినీరు అది తెరుచుకోకుండా పిన్నులతో బిగిస్తాడు, కాక్‌పిట్‌లో చీటీ అంటిస్తాడు, లాగ్‌బుక్కులో సంతకం పెడతాడు. ఆ సంతకాన్ని నమ్మే పైలట్ తడి రన్‌వే మీద ఆగే దూరాన్ని మళ్లీ లెక్కగడతాడు. విమానం ఆలస్యమవుతోందని ఎంత ఒత్తిడి వచ్చినా మాన్యువల్‌లో ఒక్క మెట్టూ దాటెయ్యని మనిషి ఎంత గొప్పవాడు!

భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరిట కట్టిన విమానాశ్రయంలో అలాంటి సంతకాలు మన విజయనగరం, శ్రీకాకుళం పిల్లలవి కావాలని నా ఆశ.