లాకు తలుపుల లస్కర్లు

గోదావరి డెల్టా కాలువల్లో లాకు అంటే ఇప్పటివాళ్లకు గుర్తొచ్చేది ఆత్రేయపురం పక్కన లొల్లలో తీసే సినిమా షూటింగులే. ఆ లాకు తలుపులు తిప్పిన కాలువ పనివాళ్లను, అంటే లస్కర్లను, తలిచేవాళ్లు తక్కువ.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువలు పొలాలకు నీళ్లే కాదు, పడవలకు దారి కూడా ఇచ్చాయి. ధాన్యం బస్తాలతో దిగువ నుంచి వచ్చిన పడవ లాకులోకి చేరగానే లస్కర్లు వెనక తలుపులు మూసి, ఎగువ తలుపుల తూములు ఎత్తేవారు. నీరు సుడులు తిరుగుతూ నిండేది, పడవ మెల్లగా పైకి లేచేది. రెండువైపులా మట్టం సమం కాకముందు పదిమంది తోసినా తలుపు కదలదు. అయ్యాక ఇద్దరు ముగ్గురు చాలు. ఆ అదను పసిగట్టడంలోనే ఉంది పనితనమంతా. తూము ఒక్కసారిగా ఎత్తేస్తే పడవ గోడకు కొట్టుకుంటుంది మరి!

రోడ్లూ లారీలూ వచ్చి పడవలు పోయాయి. లస్కర్లు మాత్రం ఉన్నారు, చేలకు వంతు నీళ్లు వదిలేందుకు షట్టర్లు తిప్పుతూ.