ఎర్రర్ లేదు, ఊరు పోయింది

మా భివండీ పద్మనగర్‌లో సంఘం ఆఫీసు గోడకి ఈ మధ్య ఒక బొమ్మ అంటించారు. ఇక్కడ స్థిరపడ్డ మనవాళ్ళు ఏ ఏ ఊళ్ళ నుంచి వచ్చారో ఇంటింటికీ తిరిగి రాసుకుని, లెక్కగట్టి వేసిన బార్ చార్టు అది. సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, దుబ్బాక, పుట్టపాక, చౌటుప్పల్... భివండీకి సాంచలు, అంటే మరమగ్గాలు, నడపడానికి బయల్దేరిన ఊళ్ళన్నీ ఒక్క కాగితం మీద. పైథాన్‌లో మాట్‌ప్లాట్‌లిబ్ అనే లైబ్రరీతో దాన్ని గీసింది మా చెల్లెలి కొడుకు. ఇంజనీరింగ్ చదువుతున్నాడు.

దూరం నుంచి చూస్తే సంతోషమేసింది. దగ్గరికి వెళ్ళి చదవబోతే ఒళ్ళు మండింది. సిరిసిల్లలో 'స' తలకట్టు తలకట్టుగానే ఉంది, గుడి వచ్చి దాని పక్కన పడింది. 'ల్ల' ఉండాల్సిన చోట పొల్లు పెట్టిన 'ల్' ఒకటి, పక్కన నిండు 'ల' ఒకటి. జగిత్యాలలో యావత్తు లేదు. పుట్టపాకలో టావత్తు లేదు. వత్తు ఉన్న ఊరు ఒక్కటి కూడా బతకలేదు.

కుర్రాడి మీద నాకు కోపం లేదు. ఆ కాగితం ముందు నుంచి ఇంతమంది వచ్చిపోతూ ఒక్కరూ ఇదేమిటని అడగలేదన్నదే నా బాధ. మరాఠీ, ఇంగ్లీషు మీడియంలలో చదివిన పిల్లలకు తెలుగు చదవడం రాదు, వాళ్ళు అడగలేరు. చదవగల పెద్దవాళ్ళ సంగతి ఏమిటి? జీవితమంతా సాంచల మీద గడిపి, ఇప్పుడు పొద్దుటి పూట పేపరు కోసం ఆఫీసుకి వచ్చే ఒక పెద్దాయన్ని అడిగాను. "కాకా, మీ ఊరి పేరు చూసినవా, ఎట్లుంది?" అన్నాను. "చూసిన బిడ్డా. చదువుతే వస్తలేదు. కంప్యూటర్ అక్షరాలు గట్లనే ఉంటయేమో అనుకున్న" అన్నాడు.

ఆ మాట విన్నాక ఇంకో విషయం మీద రాయబుద్ధి కాలేదు.

ఈ కాలమ్ చదివేవాళ్ళకు నా పాత పాటలు మూడూ తెలుసు. ఎర్రర్ మెసేజ్‌ని చివరి లైను దాకా చదవాలి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. మూడోది నాకు ప్రాణం: ప్రోగ్రాం నడిచే ప్రతి మెషిన్ మీదా సరంజామా ఒకటే ఉండాలి. పైథాన్ వెర్షన్, లైబ్రరీల వెర్షన్లు, ఫాంట్లు, అన్నీ ఒక ఫైల్లో రాసిపెట్టి అంతటా అవే వేయాలి. మేనల్లుడు తన తంటా మొత్తం వివరంగా చెప్పడం మొదలుపెట్టినప్పుడు, ఇది నా మూడో పాటకి సాక్ష్యంగా పనికొచ్చే కథే అనుకున్నాను.

వాడి దగ్గర మూడు చోట్ల మూడు రకాలుగా వచ్చింది. వాడి లాప్‌టాప్ విండోస్‌ది. అందులో నిర్మల యూఐ అనే ఫాంట్ సిస్టంతోపాటే వస్తుంది, దానికి తెలుగు తెలుసు. ప్రోగ్రాంలో ఆ ఫాంట్ పేరు రాశాడు, అక్షరాలు వచ్చాయి. అదే ప్రోగ్రాంని గూగుల్ కోలాబ్‌లో నడిపితే ఊరి పేర్ల చోట ఖాళీ డబ్బాలు. ఆఫీసులోని పాత మెషిన్‌లో ఉబుంటు ఉంది. అందులో బొమ్మ విండోయే తెరుచుకోలేదు.

ఆఖరిది తేలిక. తెర మీద విండో తెరవడానికి మాట్‌ప్లాట్‌లిబ్‌కి టికె లాంటి ఒక సాధనం కావాలి. ఉబుంటులో దాన్ని పైథాన్‌తో కలపకుండా వేరే ప్యాకేజీగా ఇస్తారు. అది లేకపోతే లైబ్రరీ నిశ్శబ్దంగా 'ఆగ్' అనే బ్యాకెండ్‌కి మారిపోతుంది. ఆగ్ బొమ్మని ఫైల్లోకి గీయగలదు, విండో తెరవలేదు. షో అనే బదులు సేవ్‌ఫిగ్ అంటే సరిపోయింది.

డబ్బాల సంగతి కాస్త చెప్పుకోవాలి. కోలాబ్ అక్కడ రెండు హెచ్చరికలు ఇచ్చింది. ఒకటి, నిర్మల యూఐ దొరకలేదని. రెండోది, 3128 నంబరు అక్షరం డేజావూ సాన్స్‌లో లేదని. డేజావూ సాన్స్ 2017లో వచ్చిన 2.0 వెర్షన్ నుంచి మాట్‌ప్లాట్‌లిబ్ తనతోపాటే మోసుకొచ్చే ఫాంట్. అడిగిన ఫాంట్ దొరకనప్పుడు దాని దగ్గరికే పోతుంది. దానికి తెలుగు రాదు. యూనికోడ్‌లో తెలుగుకి కేటాయించిన స్థానాలు 3072 నుంచి 3199 దాకా. 3128 అంటే 'స', సిరిసిల్ల మొదటి అక్షరం. ఇది తెలిసినవాడికి ఆ రెండో హెచ్చరికలో జబ్బూ మందూ రెండూ కనిపిస్తాయి. మావాడు అది చదివాడు, అందుకు మెచ్చుకున్నాను. నోటో సాన్స్ తెలుగు ఫాంట్ ఫైల్ తెచ్చి ప్రోగ్రాం పక్కనే పెట్టి, యాడ్‌ఫాంట్‌తో నేరుగా చేర్చాడు. సిస్టంలో ఇన్‌స్టాల్ చేస్తే ఇంకో చిక్కు ఉంది: మాట్‌ప్లాట్‌లిబ్ ఫాంట్ల జాబితాని ఒక కాష్ ఫైల్లో దాచుకుంటుంది, కొత్తగా వేసిన ఫాంట్‌ని అందులో చూసుకోక లేదనేస్తుంది. యాడ్‌ఫాంట్‌కి ఆ బెడద లేదు.

ఆ తర్వాత మూడు మెషిన్లలోనూ అచ్చంగా ఒకే బొమ్మ వచ్చింది. "నా దాంట్ల ఎట్లొచ్చిందో అన్నిట్ల అట్లనే వచ్చింది మామా, ఒక్క వార్నింగ్ సుత లేదు" అని ప్రింటు తీసి ఆఫీసులో ఇచ్చాడు. గోడకెక్కింది అదే.

నా మూడో పాటని తు.చ. తప్పకుండా పాటించాడు. మూడు మెషిన్లూ ఒకేలా తప్పాయి.

ఇక్కడ సాంచ గురించి చెప్పాలి. ఎందుకంటే ఈ రకం తప్పుని నేను మొదట చూసింది కంప్యూటర్‌లో కాదు. మా చిన్నప్పుడు మా ఇంటి వెనక కార్ఖానాలో అన్నీ సాదా మరమగ్గాలే. పేక పోగు తెగితే సాంచ తనంతట తనే ఆగేది. నాడె అటూ ఇటూ పోయే దారిలో పేక పోగు ఉందా లేదా అని తడిమి చూసే చిన్న ఫోర్కు ఒకటి ఉంటుంది, పోగు తగలకపోతే అది మగ్గాన్ని ఆపేస్తుంది. పడుగు పోగు తెగితే మాత్రం సాదా సాంచకి తెలియదు. చప్పుడు మారదు, వేగం తగ్గదు, బట్ట నేస్తూనే పోతుంది. తెగిన పోగు చోట బట్ట పొడుగునా సన్నటి గీత పడుతుంది. నాలుగైదు సాంచల మధ్య తిరిగే కార్మికుడు అటు చూసేసరికి మీటర్ల కొద్దీ ఖరాబు. తాకా, అంటే నేసిన బట్ట చుట్ట, దించి, మడతపెట్టే బల్ల మీద పరిచి, వెలుతురుకి ఎదురుగా పట్టి చూసినప్పుడే అది బయటపడేది. మా నాన్న ఆ బల్ల దగ్గర పని చేసేవాడు. సాంచ ఆగిన తప్పుకి ఆయన ఎన్నడూ కంగారుపడలేదు. సాంచలు బాగుచేసే జాబర్ ఉండేవాడు. "ఆగిందంటే జాబర్ వస్తడు, చూస్తడు, అయిపోతది. ఆగకుంట నడిచేదే పగార్ తింటది" అనేవాడు. తాకాలో ఆ గీత కనబడితే కార్మికుడి కూలీలో కోత పడేది.

పడుగు తెగినా మగ్గాన్ని ఆపే సాధనం ఉంది, వార్ప్ స్టాప్ మోషన్ అంటారు. 2017 ఏప్రిల్ 1న కేంద్రం పవర్‌టెక్స్ ఇండియా పథకాన్ని మా భివండీలోనే ప్రారంభించింది. సాదా మరమగ్గాలను ఉన్నచోటే మెరుగుపరిచే కిట్లకు అందులో సాయం ఉండేది, ఆ కిట్‌లో ఈ సాధనం ఒకటి. అంటే సర్కారు లెక్కలో కూడా ఇది పట్టించుకోవాల్సిన లోపమే. మాట్‌ప్లాట్‌లిబ్‌కి పేక చూసే ఫోర్కు ఉంది: అక్షరం ఫాంట్‌లో లేకపోతే చెబుతుంది. ఉన్న అక్షరాలను తెలుగువాడు రాసినట్టు కలిపి రాసిందా లేదా అన్నది దానికి తెలియదు.

కలపడం అన్న పని వేరే ఒకటి ఉందని చాలామంది ప్రోగ్రామర్లకే తెలియదు. ఫైల్లో 'ల్ల' అంటే మూడు సంకేతాలు వరసగా: ల, పొల్లు, ల. వాటిని చూసి రెండో 'ల'ని వత్తుగా కిందికి దించాలని, గుడి వస్తే తలకట్టు తీసేయాలని నిర్ణయించేది షేపింగ్ ఇంజన్. చాలా బ్రౌజర్లలో ఆ పని హార్ఫ్‌బజ్ చేస్తుంది. మా దగ్గరున్న మాట్‌ప్లాట్‌లిబ్ ఆ ఊసే ఎత్తకుండా ఫాంట్‌లోంచి ఒక్కో అక్షరాన్ని తీసి వరసగా పేర్చేస్తుంది. ఇంగ్లీషుకి అంతే చాలు.

వాడికి ఇది ఎలా చూపించాలి? వాడికి తెలుగు చదవడం రాదు. మాట్లాడతాడు, పొరపాటు లేకుండా మాట్లాడతాడు, చదవలేడు. అందుకని, "మీ బడిలో నేర్పిన అక్షరాలతో భివండీ అని టైటిల్ రాయి, దేవనాగరి ఫాంట్ పెట్టు" అన్నాను. రాశాడు, నడిపాడు. ఒక్క క్షణం పట్టలేదు. "అరే మామా, పహిలీ వేలాంటీ వెనకకు పోయింది!" అన్నాడు. మరాఠీలో హ్రస్వ ఇకారం అక్షరానికి ముందు నిలబడాలి, ఇక్కడ వెనక పడింది. ఆ తప్పు వాడి కంటికి ముల్లులా గుచ్చుకుంది. తర్వాత గోడ మీది కాగితం వైపు చూశాడు. "అంటే తెలుగుది సుత గిట్లనే ఉన్నదా? ఇన్నొద్దులు ఎవ్వలూ చెప్పలే" అన్నాడు. వాడి ముఖం చిన్నబోయింది, నాకూ మనసు చివుక్కుమంది.

ఇంటికొచ్చాక ఈ లైబ్రరీ పుట్టుక గురించి మళ్ళీ చదివాను. దాన్ని రాసిన జాన్ హంటర్ షికాగోలో న్యూరోబయాలజీ పరిశోధకుడు. మూర్ఛ రోగుల మెదడు మీద నుంచి తీసిన విద్యుత్ సంకేతాలను విశ్లేషించే పని ఆయనది. అందుకు వాడే సాఫ్ట్‌వేర్‌కి వాళ్ళ ల్యాబ్‌లో ఉన్న లైసెన్సు ఒక్కటే. ఒక డాంగిల్, దాని కోసం ఇంజనీర్లూ వైద్య విద్యార్థులూ అందరూ వంతులు కాయాలి. ఆ ఇరుకు నుంచి బయటపడే ప్రయత్నంలో మొదట మాట్‌ల్యాబ్, తర్వాత పైథాన్ పట్టుకుని, 2003లో మాట్‌ప్లాట్‌లిబ్‌ని అందరికీ ఉచితంగా విడుదల చేశాడు. 2012 ఆగస్టు 28న, 44 ఏళ్ళ వయసులో, కాన్సర్ చికిత్సలో వచ్చిన సమస్యలతో పోయాడు. 2019లో లోకమంతా చూసిన మొదటి బ్లాక్ హోల్ చిత్రం వెనకాల కూడా ఆయన లైబ్రరీ ఉంది.

బొమ్మ వేరు, దాన్ని గీసే చోటు వేరు అని ఆయన విడగొట్టాడు. అదే బ్యాకెండ్ల పద్ధతి. ఒకే బొమ్మ డాక్టరు ముందు విండోలో తెరుచుకోవాలి, పత్రికకి పోస్ట్‌స్క్రిప్ట్‌గా వెళ్ళాలి, తెరే లేని సర్వర్ మీద ఫైల్‌గా పడాలి. ఇన్నాళ్ళూ నేను విసుక్కున్న తేడాలన్నీ ఆ పద్ధతి వల్ల వచ్చినవే. మా కాగితానికి దారి కూడా అక్కడే దొరికింది.

ఆగ్‌కి వత్తులు రాకపోతే, వచ్చినవాళ్ళ చేత రాయిద్దాం అనుకున్నాం. ఆంటొనీ లీ రాసిన ఎంపీఎల్‌కైరో అనే బ్యాకెండ్ రాక్మ్ లైబ్రరీ సాయంతో అక్షరాలను కలిపి రాస్తుంది. పీజీఎఫ్ బ్యాకెండ్‌తో జీలేటెక్ ద్వారా పోయినా తెలుగు సరిగ్గా వస్తుంది. ఆఫీసు మెషిన్‌లో ఈ రెండూ పెట్టుకోవడం మాకు బరువనిపించి మూడో దారి పట్టాం. బొమ్మని ఎస్‌వీజీగా దాచుకోవడం. మామూలుగా అయితే అక్కడా అక్షరాలను గీతలుగా మార్చేస్తుంది, ఎస్‌వీజీ ఫాంట్‌టైప్ అనే సెట్టింగ్‌ని 'నన్' చేస్తే అక్షరం అక్షరంగానే ఫైల్లోకి వెళుతుంది. ఆ ఫైల్‌ని బ్రౌజర్‌లో తెరిచాం. సిరిసిల్ల సిరిసిల్లలా వచ్చింది.

అయితే ఇప్పుడు మెషిన్ మెషిన్‌కీ బొమ్మ తేడాగా ఉంది. ఉబుంటులో లోహిత్ తెలుగు అక్షరాలు, విండోస్‌లో నిర్మల అక్షరాలు. ఒకచోట పేర్లు కాస్త వెడల్పు, ఇంకోచోట సన్నం. నా మూడో పాట ప్రకారం ఇది చెడిపోయిన పని. నాకు మాత్రం ఇదే మంచి పని. ఎక్కడ తెరిచినా చదవడానికి వస్తుంది. మూడు మెషిన్లనీ సమానం చేసే తొందరలో, ఏ మెషిన్‌తో సమానం చేస్తున్నామన్న ప్రశ్న మావాడికి రాలేదు. ఎర్రర్ చూపించనిదాన్నే కొలమానంగా పెట్టుకున్నాడు. డబ్బాలు చూపించిన కోలాబ్ ఒక్కటే తనకు తెలుగు రాదని నిజం చెప్పింది, దాని నోరే ముందు మూయించాం.

వెర్షన్లు రాసిపెట్టే ఫైల్ ఉండాల్సిందే, దాని మీద వెనక్కి తగ్గను. మాట్‌ప్లాట్‌లిబ్ 3.8లో సీబార్న్ పేరున్న పాత స్టైల్స్ తీసేశారు, 2024 జూన్‌లో నంపై 2.0 వచ్చాక పాతదాని మీద కట్టిన మాడ్యూళ్ళు చాలా కూలబడ్డాయి. అలాంటి వాటి నుంచి ఆ ఫైల్ కాపాడుతుంది. అక్షరం దగ్గరికి వచ్చేసరికి దాని పని అయిపోతుంది, అక్కడి నుంచి చదవగల మనిషి కావాలి. పద్మనగర్‌లో అలాంటివాళ్ళు ఇంకా వందల మంది ఉన్నారు. వాళ్ళని ఎవరూ పిలవడం లేదు.

ఈసారి పిలిచాం. మావాడి ఫోల్డర్‌లో ఇప్పుడు ఒక చిన్న పరీక్ష ఫైల్ ఉంది. బార్లు ఉండవు, మాటలే: సిరిసిల్ల, జగిత్యాల, పుట్టపాక, స్త్రీ, కృష్ణ, మరాఠీలో భివండీ, విఠ్ఠల్. మెషిన్ మారినా, లైబ్రరీ వెర్షన్ మారినా, చార్టు కంటే ముందు దాన్ని ప్రింటు తీయాలి. మరాఠీ లైన్లు వాడు చూసి సంతకం పెడతాడు. తెలుగు లైన్లు పేపరు కోసం వచ్చే ఆ కాక చూసి పెడతాడు. మొదటి కాగితం మీద ఆయన వేలు పెట్టి ఒక్కో పేరూ పైకి చదివి, స్త్రీ దగ్గర ఆగి, "త కింద ర ఇంకొంచెం స్పష్టంగ రావాలె" అన్నాడు. మావాడు ఫాంట్ సైజు పెంచి మళ్ళీ ప్రింటు తీశాడు.